ఎర్ర పట్టుచీర ముద్ద, తెల్ల పంచె బూడిద: పెళ్ళి ఫోటోల్లో ఎక్స్‌పోజర్ ఎక్కడ తప్పుతోంది?

మీరు పెట్టినవి రెండు ఫోటోలు. మొదటిదాంట్లో పెళ్ళికూతురి ఎర్ర పట్టుచీర ఒకటే ముద్దగా ఉంది. మడతలు లేవు, జరీ బుటాల అంచులు చెదిరిపోయాయి. హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అన్నది ఎడమ నుంచి కుడికి గుట్టలుగా చూపే బొమ్మ) మాత్రం కుడి అంచుకి చాలా దూరంలోనే ఆగిందంటున్నారు. రెండోది మధుపర్కాలు కట్టుకున్నాక తీసింది. తెల్లబట్టలు బూడిదరంగుకి తిరిగాయి, మొహాలు నల్లబడ్డాయి. ఒకే కెమెరా, ఒకే మండపం, అపర్చర్ ప్రయారిటీ (అపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా ఎంచుకునే పద్ధతి), కాంపెన్సేషన్ (మీటర్ లెక్కకి మీరు చేసే హెచ్చుతగ్గు) సున్నా, రా ఫైలూ (సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉండేది) జేపెగ్ రెండూ ఉన్నాయి. "మీటర్ పాడైందా, బాడీ మార్చాలా?" అన్నది మీ ప్రశ్న.

మార్చక్కర్లేదు, మీటర్ శుభ్రంగా పనిచేస్తోంది. ఈ రెండూ వేర్వేరు తప్పులు. రెండో ఫోటోలో జరిగింది ఫిల్మ్ రోజుల నుంచీ ఉన్నదే, అది త్వరగా తేలిపోతుంది. మొదటిది డిజిటల్ కలర్‌తో వచ్చిన చిక్కు. దాన్నే కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళు తీస్తున్నవాళ్ళు కూడా ఎర్రచీర ముద్ద కట్టగానే లెన్స్‌నో కెమెరా కంపెనీనో తిట్టుకుంటూ ఉంటారు.

ముందు తెల్లబట్టల సంగతి. కెమెరాలో మీటర్ కొలిచేది వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుగుని. ఎదురుగా ఉన్నది తెల్ల పంచె మీద తక్కువ వెలుగా, నల్ల కోటు మీద ఎక్కువ వెలుగా అన్నది దానికి తెలియదు. అందుకని ఫ్రేము మొత్తం సగటున మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. ఫోటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు 18 శాతం వెలుగుని తిప్పికొడుతుంది, మీటర్ల లెక్కలు ఆ చుట్టుపక్కలే, కొన్ని ఇంకాస్త తక్కువలో ఉంటాయి. ఉతికిన తెల్ల నూలుబట్ట 80, 90 శాతం దాకా తిప్పికొడుతుంది. 18కీ 90కీ మధ్య రెండు స్టాపుల పైచిలుకు తేడా (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు). ఇద్దరూ తెల్లబట్టల్లో ఫ్రేము నిండా కూర్చుంటే మీటర్ ఆ తెలుపుని లాగి బూడిద దగ్గర పెడుతుంది, పాపం మొహాలు కూడా దాంతోపాటే కిందికి పోతాయి.

మ్యాట్రిక్స్ మీటరింగ్ ఉందిగా అంటారు. ఫ్రేముని గడులుగా విడగొట్టి చూసే పద్ధతి 1983లో నికాన్ ఎఫ్ఏతో వచ్చింది. 1996లో ఎఫ్5కి రంగులు కూడా చూసే 1005 పిక్సెళ్ళ మీటర్ పెట్టారు. ఇప్పటి మిర్రర్‌లెస్‌లు అసలు సెన్సర్‌తోనే కొలుస్తాయి, మొహాన్ని గుర్తుపడతాయి. ఇంత తెలివి వచ్చినా మధుపర్కాలు ఫ్రేము నిండితే ఇంకా బూడిద చేస్తూనే ఉన్నాయి. కాబట్టి కాంపెన్సేషన్ మీ చేతిలో పని. తెలుపు ఫ్రేము నిండితే ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా. స్పాట్ మీటర్ (ఫ్రేములో ఒక్క చిన్న చోటునే కొలిచేది) నేరుగా తెల్లబట్ట మీదే పెడితే ప్లస్ 2 చుట్టూ. నల్ల సూటు వేసుకున్న బావమరుదులు వరసగా నిలబడితే మైనస్ 1.

అయితే మండపంలో నేను చెప్పేది కాంపెన్సేషన్ చక్రం తిప్పుతూ కూర్చోమని కాదు. అక్కడ వెలుగు గంటసేపు మారదు, మారేది మీ ఫ్రేము. క్లోజప్‌లో ఎర్రచీర, వెడల్పు ఫ్రేములో తెల్లపంచెలు, పక్కనుంచి తీస్తే వెనక నల్లటి హాలు. ఆటోలో ఉంటే ప్రతిసారీ మీటర్ వేరే లెక్క చెప్తుంది, అదే మొహం మూడు ఫోటోల్లో మూడు రకాలుగా వస్తుంది, తర్వాత ఎడిటింగులో మీరే ఏడవాలి. మాన్యువల్‌లో పెట్టండి. పీటల మీద వెలుగు ఎటునుంచి పడుతోందో చూసి, అదే వెలుగులో మీ అరచెయ్యి పెట్టి స్పాట్ మీటర్ చెయ్యండి. మనవాళ్ళ అరచెయ్యి సాధారణంగా మధ్యస్థ బూడిద కంటే ఒక స్టాప్ పైన ఉంటుంది, అంటే మీటర్ ప్లస్ 1 చూపించేలా షట్టర్, ఐఎస్ఓ అమర్చుకోవాలి. అందరి అరచెయ్యీ ఒకటి కాదు కాబట్టి ఇంట్లో ఒకసారి గ్రే కార్డు పక్కన పెట్టి మీ చెయ్యి తేడా ఎంతో తెలుసుకోండి. తెల్లటి గోపురం ఉన్న చేతి మీటర్ ఎవరిదగ్గరైనా ఉంటే అది ఇంకా మేలు. అది పడే వెలుగుని కొలుస్తుంది, బట్ట రంగుతో దానికి పని లేదు. సెకానిక్ వాళ్ళ చిన్నది ఒకటి సంచిలో వేసుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

మొహం మీద నేరుగా స్పాట్ పెట్టేవాళ్ళకి: చామనఛాయకి దాదాపు సున్నా, పచ్చని ఛాయకి ప్లస్ 2/3 నుంచి 1, బాగా నలుపైతే మైనస్ 2/3 నుంచి 1. పెళ్ళికూతురు తెల్లగా పడాలని ఇంటివాళ్ళు అడిగారు కదాని ఒక స్టాప్ ఎక్కువ కొట్టే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. దాని ఫలితం తెలుపు కాదు, నుదుటి మీదా ముక్కు మీదా పసుపు మచ్చలు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక ఎర్రచీర. సెన్సర్‌కి రంగులు తెలియవు. ప్రతి గడీ తన మీద ఎంత వెలుగు పడిందో మాత్రమే లెక్కపెడుతుంది. రంగు తెలియాలని గడుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పరుస్తారు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంట్ వచ్చిన అమరిక అది. సగం గడులు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. అంటే మీరు షట్టర్ నొక్కిన ప్రతిసారీ లోపల మూడు నలుపు తెలుపు ఫోటోలు పడుతున్నాయి, వాటినే ఛానెళ్ళంటారు. మూడింటికీ ఒకటే షట్టర్, ఒకటే అపర్చర్. కానీ ఒకటి నిండి పొర్లిపోతున్నప్పుడు మిగతా రెండూ అడుగంటి ఉండొచ్చు. కలర్‌లో సరైన ఎక్స్‌పోజర్ అంటే మూడూ అంచు దాటకుండా చూసుకోవడం.

మరి హిస్టోగ్రామ్ ఎందుకు చెప్పలేదు? మీరు చూసింది ఒకే తెల్ల గీత ఉండే బ్రైట్‌నెస్ హిస్టోగ్రామ్. అది మూడు రంగుల్నీ కలిపి వేసే లెక్క, అందులో మూడింటికీ సమాన వాటా లేదు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి దానికి సుమారు 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 ఇచ్చే లెక్క బాగా వాడుకలో ఉంది. ఇప్పుడు మీ చీరలో ఒక పిక్సెల్ తీసుకుందాం. ఎరుపు 255, ఆకుపచ్చ 30, నీలం 40 అనుకోండి. ఎరుపు గరిష్ఠానికి కొట్టేసింది, ఇక పైకి చోటు లేదు. లెక్క కడితే 76, 18, 4, మొత్తం 98 చిల్లర. 255కి 98 అంటే హిస్టోగ్రామ్‌లో సగానికి కూడా ఎడమవైపు! చీర మొత్తం ఎరుపులో కాలిపోయినా గుట్ట మాత్రం మధ్యలో నిక్షేపంగా కూర్చుంటుంది.

జరీ కూడా అంతే. 255, 200, 60 అనుకుంటే లెక్క 200 దాటి కొంచెం, అంచుకి ఇంకా చోటున్నట్టే కనిపిస్తుంది. మంగళస్నానాల్లో పసుపు బట్టల మీద పసుపు చల్లుకుంటున్న ఫ్రేములో ఎరుపూ ఆకుపచ్చా రెండూ 255 కొట్టినా, నీలం సున్నా దగ్గరుంటే మొత్తం 227 దగ్గరే ఆగుతుంది. స్టేజి మీద నీలం లైటు పడ్డ మొహమైతే ఇంకా ఘోరం. నీలం నిండిపోయి ఉన్నా హిస్టోగ్రామ్ ఎడమ అంచున పడి ఉంటుంది, వెలుగు చాలలేదనుకుని మీరు ఇంకా పెంచుతారు.

చీరలో మడత మనకి కనిపించేది వెలుగు తేడా వల్ల. ఎర్రచీరలో ఆ తేడా దాదాపు అంతా ఎరుపు ఛానెల్లోనే ఉంటుంది. మడత పైభాగం 255 దగ్గర తెగిపోయి, లోపలిభాగం కూడా 255 అయితే ఇక మిగిలింది అడుగున ఉన్న ఆకుపచ్చ, నీలాల్లో కాస్త తేడా. మీరు చూసిన ముద్ద అదే. ఫోకస్‌కీ లెన్స్‌కీ సంబంధం లేదు.

రంగు మారిపోవడానికి కూడా ఇదే కారణం. ఎరుపు పైకప్పుకి కొట్టుకుని ఆగిపోయాక వెలుగు ఇంకా పెరిగితే ఆకుపచ్చ ఒక్కటే ఎక్కుతుంది. ఎరుపుకి ఆకుపచ్చ కలిస్తే పసుపు. అందుకే ఓవర్ అయిన ఫోటోలో నారింజ బంతిపూలు చామంతుల్లా పచ్చగా వస్తాయి, కుంకుమబొట్టు నారింజకి తిరుగుతుంది, తెల్లగా పడాలని కొట్టిన మొహంలో తెల్లమచ్చ చుట్టూ పసుపు అంచు కడుతుంది. చర్మంలో కూడా ముందు పోయేది ఎరుపే.

చెయ్యాల్సిన మొదటి పని, కెమెరాలో ఆర్జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోవడం. ఫోటో చూసేటప్పుడు డిస్‌ప్లే బటన్ నొక్కుతూ పోతే చాలా కెమెరాల్లో మూడు రంగుల గుట్టలు విడివిడిగా కనిపించే తెర వస్తుంది, లేకపోతే మెనూలో ప్లేబ్యాక్ దగ్గర ఉంటుంది. బ్లింకీలు, అంటే పోయిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక, వాటిని నమ్మేముందు ఇంట్లో ఎర్రబట్ట మీద వెలుగు పెంచుకుంటూ పరీక్షించండి. ఒక్క ఎరుపు పోయినప్పుడే మిణుకుతుందా, మొత్తం పోతేనే మిణుకుతుందా అన్నది మీ బాడీని బట్టి ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని దాటేస్తారు. కెమెరా చూపించే హిస్టోగ్రామ్ రా ఫైలుది కాదు, దాన్నుంచి తయారైన జేపెగ్‌ది. మీరు రా ఒక్కటే తీస్తున్నా లోపల చిన్న జేపెగ్ తయారవుతుంది, లెక్క దానిమీదే. ఆ జేపెగ్‌కి ముందే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల్ని సర్దే లెక్క) పడింది, కాంట్రాస్ట్ పడింది, వివిడ్ లాంటి స్టైల్ ఉంటే రంగు కూడా పెరిగింది. పగటి వెలుగులో చాలా సెన్సర్లకి ఎరుపు తక్కువ అందుతుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ దాన్ని ఒకటిన్నర, రెండు రెట్లు చేస్తుంది. అంటే బయట ఎండలో తీసిన ఎర్రచీర హిస్టోగ్రామ్‌లో పోయినట్టు కనిపించినా రా ఫైల్లో ఎరుపుకి ఇంకా స్టాప్ దాకా చోటు ఉండొచ్చు. అదే పసుపుపచ్చటి బల్బుల వెలుగులో కథ తిరగబడుతుంది. ఆ వెలుగులో ఎరుపు పుష్కలం, రెట్టింపు చేసే పని దాదాపు ఉండదు. హిస్టోగ్రామ్‌లో పోయిందంటే రాలో కూడా నిజంగానే పోయి ఉంటుంది. నీలం మాత్రం అడుగంటి ఉంటుంది, దాన్ని చాలా రెట్లు పెంచాలి, మండపం ఫోటోల నీడల్లో కనిపించే గరుకు ఎక్కువగా అక్కడిదే. మీ మొదటి ఫోటో రాత్రి ముహూర్తం, పచ్చలైట్లు అన్నారు కదా, అనుమానం ఈ రెండో రకం మీదే.

తేల్చుకోవడం సులువు. ఆ రా ఫైల్ తెరిచి ఎక్స్‌పోజర్ స్లైడర్ ఒక స్టాప్, స్టాపున్నర తగ్గించండి. మడతలు తిరిగొస్తే సెన్సర్ పట్టుకుంది, జేపెగ్ పోగొట్టింది. చీర చదునుగానే ఉండి ముదురు రంగు పూసినట్టయితే ఎరుపు సెన్సర్ దగ్గరే పోయింది, దానికి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చెయ్యలేదు. వచ్చేసారి కెమెరాలో పిక్చర్ స్టైల్ న్యూట్రల్‌లో పెట్టి, కాంట్రాస్ట్, శాచురేషన్ తగ్గించి తీస్తే తెర మీద బొమ్మ పేలవంగా కనిపిస్తుంది గానీ హిస్టోగ్రామ్ రా ఫైలుకి దగ్గరగా ఉంటుంది. రా ఫైలుకి దీనివల్ల నష్టమేమీ లేదు.

మూడో అవకాశం కూడా ఉంది. ఎక్స్‌పోజర్ అంతా సరిగ్గా ఉండి, రాలో మడతలు కనిపిస్తూ, జేపెగ్ ఎక్స్‌పోర్ట్ చెయ్యగానే ముద్దయితే అది ఎస్ఆర్జీబీ ఇరుకు, అంటే జేపెగ్‌లకి మామూలుగా వాడే రంగుల హద్దు చిన్నది కావడం. ముదురు పట్టు ఎరుపు కొన్నిసార్లు ఆ రంగుల హద్దులో పట్టదు, బలవంతంగా దూర్చితే ఆకుపచ్చ, నీలం సున్నాకి కొట్టుకుంటాయి. ఎడిటింగ్ ఇంతకంటే వెడల్పు హద్దులున్న ప్రోఫోటోలోనో అడోబీ ఆర్జీబీలోనో చేసి, చివర్న ఎరుపు రంగు ఒక్కదానికీ శాచురేషన్ పది పదిహేను తగ్గించి అప్పుడు ఎస్ఆర్జీబీకి మార్చండి. ఎక్స్‌పోజర్ తగ్గించి దీన్ని సరిచెయ్యాలని చూస్తే మొహం చీకటైపోతుంది.

మండపంలో తీసేటప్పుడు లెక్క ఇలా పెట్టుకోండి. అరచేత్తో కుదిర్చిన ఎక్స్‌పోజర్‌తో ఒక ఫ్రేము తీసి ఎర్ర గుట్ట చూడండి. కుడి గోడకి ఆనుకుని నిలువుగా లేచి ఉంటే 1/3 చొప్పున తగ్గిస్తూ, గుట్ట చివర గోడ నుంచి విడివడేదాకా రండి. పచ్చలైట్లలో ఇది తరచు 2/3 నుంచి ఒక స్టాప్ దాకా పోతుంది. మొహం ఆ మేరకు కిందికి వస్తుంది, దాన్ని రాలో నీడలు ఎత్తి తెచ్చుకోవచ్చు. పోయిన ఎరుపుని మాత్రం తేలేం. వీలుంటే అంతకంటే మంచి మార్గం వెలుగునే మార్చడం. ఒక తెల్ల వెలుగు, ఫ్లాష్ అయినా ఎల్ఈడీ ప్యానెల్ అయినా, మొహాల మీద పక్కనుంచి పడితే ఎరుపు వాటా తగ్గుతుంది, మూడు గుట్టలూ దగ్గరికొస్తాయి. డెకరేషన్ వాళ్ళని ముందే పట్టుకుని పీటల మీదికి తిప్పిన గులాబీ, నీలం పార్ లైట్లని (స్టేజి మీద వాడే రంగు లైట్లు) గోడల మీదికి తిప్పించండి. ఒకే రంగు ఎల్ఈడీ పడ్డ మొహంలో మిగతా రెండు ఛానెళ్ళకీ వెలుగే లేదు, వైట్ బ్యాలెన్స్‌తో అక్కడ చేసేదేమీ లేదు. ముహూర్తం వేళకి లైటుబాయ్ దొరకడు, వధూవరులు రాకముందే ఆ పని చూసుకోవాలి.

ఒకే సెట్టింగులో వరసగా తీసినా ఒకటి వెలుగుగా, ఒకటి మసగ్గా వస్తున్నాయని కూడా రాశారు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్ 1/100 లేదా 1/50లో పెట్టండి, లేదా కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఆన్ చెయ్యండి. ఫోటోలో అడ్డచారలు కూడా ఉంటే ఎలక్ట్రానిక్ షట్టర్ మానేసి మెకానికల్‌కి రండి.

పగలు ఆరుబయట మంగళస్నానాలైతే మీటర్ అక్కర్లేకుండానే మొదలుపెట్టొచ్చు. నేరుగా ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16, 1/100. అదే వెలుగు ఎఫ్/4లో 1/1600, ఎఫ్/2.8లో 1/3200. అక్కడినుంచి ఎర్ర, ఆకుపచ్చ గుట్టలు చూసి సర్దుకోవడమే. హోమం మంట పోతే పోనివ్వండి, మంటలో వివరం ఎవరికీ అక్కర్లేదు.

మీకు ఎవరో "ఎప్పుడూ హిస్టోగ్రామ్‌ని కుడివైపుకే తోసి తియ్యాలి" అన్నారట. ఆ మాట 2003లో లూమినస్ ల్యాండ్‌స్కేప్ అనే ఫోటోగ్రఫీ వెబ్‌సైట్ నడిపిన మైకేల్ రైక్‌మన్ రాసిన వ్యాసంతో బాగా ప్రచారమైంది. 12 బిట్ రా ఫైల్లో 4096 మెట్లుంటే పైనున్న ఒక్క స్టాపులోనే సగం, 2048 మెట్లు ఉంటాయన్నది అప్పటి వాదన. లెక్క సరైనదే గానీ అసలు లాభం మెట్లది కాదు, వెలుగుది. నాలుగు రెట్లు వెలుగు పడితే గరుకుతో పోలిస్తే బొమ్మ రెండు రెట్లు స్పష్టం. అంటే షట్టర్ వేగం తగ్గించో అపర్చర్ తెరిచో నిజంగా వెలుగు పెంచినప్పుడే ఆ లాభం. ఐఎస్ఓ పెంచి కుడికి తోస్తే దక్కేది చాలా తక్కువ, హైలైట్లకి చోటు మాత్రం తగ్గుతుంది. ట్రైపాడ్ మీద కొండల్ని తీసేవాళ్ళకి అది మంచి పద్ధతి. తలంబ్రాలు పోసుకుంటుంటే, ఎర్రచీరా బంగారం ఫ్రేము నిండా ఉంటే, నేనైతే ఆ పని చెయ్యను. అలాగని రెండు స్టాపులు అండర్ తీసి తర్వాత ఎత్తుకుందామన్నదీ నాకు నచ్చదు. కొత్త సెన్సర్లు తట్టుకుంటాయి నిజమే, కానీ పచ్చలైట్లలో చామనఛాయ మొహాన్ని అంత ఎత్తితే నీలం ఛానెల్ గరుకు మొత్తం బుగ్గల మీద తేలుతుంది.

చివరిగా తెర గురించి. చీకటి హాల్లో కెమెరా తెర వెలిగిపోతుంటుంది, అది చూసి అందరూ అండర్ తీస్తారు. ఎండలో అదే తెర మసగ్గా కనిపించి ఓవర్ తీయిస్తుంది. బ్రైట్‌నెస్ ఆటోలో ఉంటే తీసేసి ఒకచోట స్థిరంగా పెట్టండి, నిర్ణయం మాత్రం మూడు గుట్టల్ని చూసే తీసుకోండి. ఇంట్లో మానిటర్‌ది కూడా ఇదే గొడవ. ల్యాప్‌టాప్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో సరిచేసిన ఫోటోలు ఆల్బమ్‌లో ఒక స్టాప్ చీకటిగా దిగుతాయి, తప్పు ల్యాబ్ వాళ్ళ మీదికి పోతుంది. మానిటర్ వెలుగు చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండాలి, కొలిచే పరికరం లేకపోతే పక్కన తెల్లకాగితం పెట్టి గది వెలుగులో రెండూ ఒకేలా కనిపించేదాకా తగ్గించండి. ఆల్బమ్ మొత్తం పంపేముందు ఎర్రచీర, తెల్లపంచె, ఒక మొహం మూడూ ఉన్న ఒక్క 12x36 షీట్ ప్రింట్ వేయించి చూడండి. ఎరుపు అక్కడ కూడా ముద్దగా వస్తే ల్యాబ్ ప్రొఫైల్ (వాళ్ళ ప్రింటర్ రంగుల వివరం ఉన్న ఫైలు) అడిగి తెచ్చుకుని సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూపేది) పెట్టి సర్దండి. ఆ రా ఫైల్ ఒక స్టాపున్నర తగ్గిస్తే ఏమైందో కింద రాయండి, మిగతాది దాన్నిబట్టి చూద్దాం.